జాతి వివక్ష వార్తను పెన్సిల్ పట్టుకుని చదవడం ఎలా?

కావలసినవి రెండే: ఒక పేపరు, ఒక పెన్సిలు. పేపరు ఇవాళ్టిది కాకపోతే మంచిది. ఇవాళ్టి వార్త మీద మనకు అప్పటికే కోపమో జాలో పుట్టేసి ఉంటుంది. నాలుగు రోజులు పాతబడితే ఆ వేడి తగ్గి మాటలు కనిపించడం మొదలవుతుంది.

నేను చాలా ఏళ్లు ఒక దినపత్రిక డెస్కులో సబ్‌ఎడిటర్‌గా పనిచేశాను. విలేకరులు పంపిన కాపీ దిద్దడం, హెడ్డింగ్ పెట్టడం నా పని. రాత్రి తొమ్మిదింటికి టీవీలో నలుగురు కూర్చుని "ఇది జాతి వివక్షా, కాదా" అని అరుచుకునే చర్చ సగానికి పైగా సాయంత్రమే ముగిసిపోతుందని ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. హెడ్డింగ్‌లో పడిన మాటే చర్చకు గిరి గీస్తుంది. తర్వాత ఎవరెంత అరిచినా ఆ గిరి లోపలే.

సాధన చేయడానికి 2017 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పాత పేపర్లు దొరికితే తీసుకోండి. లైబ్రరీలోనైనా ఫరవాలేదు, పెన్సిల్‌కు బదులు నోట్‌బుక్ వాడండి. ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేత పట్టణంలో, ఒక బార్‌లో కూర్చున్న శ్రీనివాస్ కూచిభొట్లను ఒక తెల్లజాతీయుడు కాల్చి చంపాడు. మార్చి 27న ఢిల్లీ పక్కనే గ్రేటర్ నోయిడాలో గుంపులు నైజీరియా విద్యార్థుల మీద పడి కొట్టాయి. ఏప్రిల్ మొదట్లో ఒక మాజీ ఎంపీ టీవీ చర్చలో మనదేశంలో వర్ణ ద్వేషం లేదని నిరూపించబోయారు. మొదటి వార్తలో మనం దెబ్బ తిన్నవాళ్లం. రెండోదాంట్లో కొట్టినవాళ్లం. మూడోదాంట్లో ఏ పక్కనున్నామో మనకే తేలలేదు. ఇన్ని పాఠాలు మూడు నెలల్లో దొరకడం అరుదు.

1. క్రియ కింద గీత గీయండి

"జాతి", "విద్వేషం" లాంటి పెద్ద మాటలు ఎలాగూ కంటబడతాయి. తప్పించుకుపోయేది క్రియ. ముందు దాన్ని పట్టుకోండి.

2020 మే 25న అమెరికాలోని మినియాపోలిస్‌లో ఒక పోలీసు మెడ మీద మోకాలు పెట్టి తొక్కి పట్టగా జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు చనిపోయాక అక్కడి పోలీసు శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. దాని శీర్షికను తెలుగులో పెడితే దాదాపు ఇలా వస్తుంది: "పోలీసులతో వ్యవహారం సాగుతుండగా అనారోగ్యం, వ్యక్తి మృతి". అందులో మోకాలు లేదు, మెడ లేదు. తొక్కి పట్టిన 9 నిమిషాల 29 సెకన్లు లేవు. చంపింది అనారోగ్యమే అన్నట్టు ఆ మాట వచ్చి కర్త కుర్చీలో కూర్చుంది. పదిహేడేళ్ల అమ్మాయి ఒకరు ఫోనులో తీసిన వీడియో లేకపోతే ఆ ప్రకటనే లోపలి పేజీలో సింగిల్ కాలమ్ వార్తగా మిగిలేదేమో.

ఇంగ్లీషులో కర్తను దాచాలంటే వాక్యాన్ని కాస్త మెలి తిప్పాలి. తెలుగులో ఆ శ్రమ కూడా అక్కర్లేదు. "జరిగింది" అంటే చాలు. దాడి జరిగింది, కాల్పులు జరిగాయి, ఘర్షణ జరిగింది. పెళ్లి జరిగినట్టే దాడీ జరుగుతుంది, చేసినవాళ్లు పందిరి వెనక ఉంటారు. "మృతి" ఇంకా సౌకర్యం. రెండక్షరాలు, ఎంత ఇరుకు కాలమ్‌లోనైనా పడుతుంది. జ్వరంతో పోయినా మృతే, తూటాకు పోయినా మృతే.

గీత గీశాక మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు? ఎవరిని? ఏం చేశారు? "అమెరికాలో కాల్పులు: తెలుగు ఇంజనీరు మృతి" అన్న హెడ్డింగ్‌లో రెండో ప్రశ్నకే జవాబుంది. "తెలుగు ఇంజనీరును కాల్చి చంపిన తెల్లజాతి దుండగుడు" అంటే మూడింటికీ ఉంది. ఇప్పుడు నోయిడా వార్తకు రండి. "నోయిడాలో ఉద్రిక్తత" అంటే ఒక్కదానికీ జవాబు లేదు. డెస్కులో మాకు ఈ "ఉద్రిక్తత" చాలా ఇష్టమైన మాట. కొట్టినవాడికీ దెబ్బలు తిన్నవాడికీ ఒకే గొడుగు పడుతుంది. ఒక షాపింగ్ మాల్‌లో, కింద పడినవాళ్లను గుంపు చేతికి దొరికినవాటితో బాదుతున్న వీడియో దేశమంతా చూసింది. దాన్ని "ఇరువర్గాల ఘర్షణ" అనడానికి చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం మనకు రోజూ ఉంటుంది.

ఒక్క మినహాయింపు. దర్యాప్తు తేలకముందు "మృతి" అనడం జాగ్రత్త కావచ్చు. ఆ జాగ్రత్త అందరి విషయంలోనూ ఒకేలా తీసుకున్నారా అన్నది చూడండి.

2. "పొరబడి" అన్న మాట కుట్లు విప్పండి

ఒలేతలో కాల్పులు జరిపినవాడు అంతకుముందే "మా దేశం వదిలి పొండి" అని అరిచాడు. పారిపోయి పక్క రాష్ట్రం మిస్సోరిలో ఇంకో హోటల్ చేరి, ఇరానీయులను కాల్చానని అక్కడి సిబ్బందితో చెప్పుకున్నాడు. ఆ సంగతి బయటికొచ్చాక ఇక్కడా అక్కడా ఒకటే మాట: ఇరానీయులనుకొని పొరబడ్డాడు.

నేను కూడా ఆ వారం కాపీలో "పొరబడి" అనే దిద్దాను. రెండు రోజుల తర్వాత అదే వాక్యం మళ్లీ చదువుతుంటే గొంతులో ముల్లు అడ్డం పడ్డట్టయింది. పొరపాటు అన్నామంటే ఎక్కడో ఒక సరైన లెక్క కూడా ఉందన్నట్టే కదా. చనిపోయినవాడు నిజంగా ఇరానీయుడే అయితే ఆ లెక్క సరిపోయేదా? ఆ హంతకుడి బుర్రలో ఒక పటం ఉంది, అందులో కొందరిని కాల్చవచ్చు. ఆ పటాన్ని మేం తప్పు పట్టలేదు. అందులో మన ఊరి పేరు తప్పుగా పడిందని సవరణ వేశాం, అంతే. మనవాళ్లు అసలు గురి కాదులే అన్న ఊరట కూడా ఆ మాటలో ఎక్కడో దాగి ఉంది. 2001 సెప్టెంబర్ 11 తర్వాత నాలుగు రోజులకు అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును ఆయన పెట్రోలు బంకు దగ్గరే కాల్చి చంపినప్పుడూ ఇదే జరిగింది. ముస్లిం అనుకొని పొరబడ్డారని రాశారు.

కాబట్టి "పొరబడి", "అనుకొని", "భావించి" కనబడితే సున్నా చుట్టండి. సున్నాలో ఉన్న మాట తీసేసి, ఎవరు చెప్పారో చెప్పే వాక్యం పెట్టండి: "ఇరానీయులను చంపానని నిందితుడు చెప్పుకున్నాడు". సమాచారం మొత్తం ఉంది. పటం మాత్రం వాడి దగ్గరే ఉండిపోయింది.

3. నాలుగు పేర్లను నాలుగు డబ్బాల్లో వేయండి

ఇది కొంచెం ఓపిక అడిగే మెట్టు. తెలుగులో ఈ విషయానికి కనీసం నాలుగు మాటలున్నాయి. వార్తల్లో నాలుగూ ఒకటే అన్నట్టు వాడతాం.

జాత్యహంకారం మనసులో ఉండేది. మాటలోనే అహంకారం ఉంది. జాతి విద్వేషం కూడా లోపలిదే, కానీ కోపంగా బయటపడేది, కోర్టులు ఉద్దేశం కోసం వెతికేటప్పుడు చూసేది. జాతి వివక్ష చేతల్లో కనిపించేది: ఇల్లు ఇవ్వకపోవడం, ఉద్యోగం ఇవ్వకపోవడం, క్యూలో వెనక్కి నెట్టడం. వర్ణ వివక్ష అని మన పేపర్లు దక్షిణాఫ్రికాలో ఒకప్పుడు చట్టంగా సాగిన అపార్థైడ్‌కు పేరు పెట్టాయి, అది ప్రభుత్వ వ్యవస్థ.

టీవీ చర్చలో జరిగే గారడీ అంతా ఒక డబ్బాలో ప్రశ్నకు ఇంకో డబ్బాలోంచి జవాబు తీయడమే. "ఇక్కడ ఆఫ్రికన్లకు ఇళ్లు అద్దెకు ఇవ్వడం లేదు కదా" అని అడుగుతారు. "మా ప్రజలకు అహంకారం లేదు" అని జవాబు వస్తుంది. ఇంటి యజమానిని అడిగితే నిజంగానే "నాకేం ద్వేషం లేదండీ, పక్క వాటాలవాళ్లు ఒప్పుకోరు" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ద్వేషం లేకుండా, మర్యాదగా, టీ ఇచ్చి మరీ వివక్ష చూపవచ్చు. గుండెలో ఏముందో ఆయన చెప్పాలి గానీ, తలుపు మూసింది మాత్రం అందరికీ కనిపిస్తుంది. అందుకే మార్జిన్‌లో ప్రశ్న పక్కన ఒక డబ్బా పేరు, జవాబు పక్కన ఒక డబ్బా పేరు రాయండి. రెండూ కలవకపోతే చర్చ జరగలేదని అర్థం.

నోయిడా విషయంలో ఇది చక్కగా కనిపిస్తుంది. ఢిల్లీలోని ఆఫ్రికా దేశాల రాయబారులు కలిసి ప్రకటన ఇచ్చి, ఆ దాడులను విదేశీయుల పట్ల ద్వేషంతో, జాతి కారణంగా జరిగినవని అన్నారు. దర్యాప్తు పూర్తయ్యేదాకా జాతి దాడి అనలేమని విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ పార్లమెంటులో చెప్పారు. రాయబారులు అడిగింది వరసగా జరుగుతున్నవాటి గురించి, జవాబు వచ్చింది ఒక్క కేసులో ఉద్దేశం గురించి. అంతకు నెల రోజుల ముందే ఒలేత కాల్పులను విద్వేష నేరమని వెంటనే ప్రకటించలేదేమని అమెరికాను నిలదీసినవాళ్లం మనమే. అక్కడ ఒకే చర్యకు కోర్టులు కూడా రెండు పేర్లు పెట్టాయి. 2018 మేలో రాష్ట్ర కోర్టు హత్యగా శిక్ష వేసింది, ఆగస్టులో ఫెడరల్ కోర్టు విద్వేష నేరంగా వేసింది. రెండు చోట్లా యావజ్జీవమే. అయినా రెండో పేరు ఎందుకు కావలసి వచ్చిందో ఆలోచించండి.

అసలు "జాతి" అన్న మాటే జారుడు బండ. జాతీయ జెండాలో ఉంది, తెలుగు జాతిలో ఉంది, ఒంగోలు జాతి ఎద్దులో ఉంది. హిందీలోకి వెళితే కులమైపోతుంది. 2001లో డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష వ్యతిరేక సదస్సు పెట్టినప్పుడు దళిత సంఘాలు కుల వివక్షను అందులో చేర్చాలన్నాయి. కులం జాతి కాదని భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. మాట నిర్వచనం మీద గెలిచినవాడు బాధను చర్చకే రాకుండా చేయగలడు. ఎవరైనా "అది సాంకేతికంగా జాతి వివక్ష కాదు" అని మొదలుపెడితే, మరి ఏమిటో కూడా వాళ్లతోనే చెప్పించండి.

ఇక ఏ డబ్బాలోనూ పడని మాట ఒకటుంది: "వివాదాస్పద వ్యాఖ్యలు". జాత్యహంకార వ్యాఖ్య అయితే ఆ మాటే రాయాలని, దానికి బదులు మెత్తని మాటలు వాడవద్దని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2019లో తన విలేకరులకు సూచించింది. మన డెస్కుల్లో "వివాదాస్పద" చాలు, చేయి కడిగేసుకోవచ్చు. ఈ మాటలోని తిరకాసు చూడండి. వివాదం చేసేది విన్నవాళ్లు. అన్నవాడి తప్పు కాస్తా విన్నవాళ్ల గొడవగా మారిపోయింది. ఎక్కడ కనబడినా కొట్టేసి, అసలు అన్న మాట ఏమిటో అక్కడ రాయండి.

4. ప్రతి "మన" పక్కనా ఆగండి

ఈ మెట్టులో తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన ఆయుధం ఉంది. మనం దాన్ని గుర్తించం.

మొదట్లో చెప్పిన ఆ టీవీ చర్చ అల్ జజీరా ఛానెల్‌ది. అందులో బీజేపీ మాజీ రాజ్యసభ సభ్యుడు తరుణ్ విజయ్ ఇంగ్లీషులో అన్నదాని సారం ఇది: మాకు జాత్యహంకారమే ఉంటే దక్షిణాది మొత్తం, తమిళ, కేరళ, కర్ణాటక, ఆంధ్ర, వీళ్లతో ఎందుకు కలిసి ఉంటాం? మా చుట్టూ నల్లవాళ్లు ఉన్నారు కదా. తర్వాత తన మాటలు సరిగా కుదరలేదని క్షమాపణ చెప్పారు.

నేను పైన "మాకు", "మా" అని రాశాను. ఆయన అన్నిచోట్లా వాడింది "వుయ్" అనే ఒకే మాట. ఇంగ్లీషు ఆ మాటలో వినేవాడు లోపల ఉన్నాడా, గడప బయట ఉన్నాడా చెప్పదు. హిందీ "హమ్" కూడా చెప్పదు. తెలుగు చెప్పి తీరాలి. మనం అంటే నువ్వూ నేనూ కలిసి. మేం అంటే నువ్వు కాక మేం.

ఇప్పుడు ఆయన వాక్యాన్ని ఒంగోలులోనో వరంగల్‌లోనో కూర్చుని "మనం"తో చదవండి: "మనం దక్షిణాదివాళ్లతో ఎందుకు కలిసి ఉంటాం?" వాక్యం మధ్యలో విరుగుతుంది. "మేం"తో చదవండి. వ్యాకరణం అతికింది, కానీ భారతీయుల్లోంచి మీరు బయటికొచ్చేశారు. దేశమంటే ఎవరు, దేశంతో పాటు సర్దుకుని ఉంటున్నవాళ్లు ఎవరు అన్నది ఆ ఒక్క సర్వనామం తేల్చేసింది. ఇంగ్లీషులో పది సార్లు విన్నా అంత స్పష్టంగా వినపడదు. ఎవరి ఇంటర్వ్యూలోనైనా "వుయ్", "హమ్" వచ్చినప్పుడల్లా పక్కన మనం అనో మేం అనో రాసి చూడండి.

తర్వాత అదే పెన్సిలు మన మీదికి తిప్పండి. ఆ వారం నా చుట్టూ రెండు రకాల కోపం వినిపించింది. ఒకటి, రంగును బట్టి మనుషుల్ని విడదీస్తారా అని. రెండోది, మమ్మల్ని నల్లవాళ్లంటారా అని. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. రెండోదాంట్లో తిట్టు తిట్టుగానే ఉంది, మన మీద పడినందుకే బాధ. "ఎర్రగా బుర్రగా ఉన్నాడు" అని అల్లుణ్ని మెచ్చుకునే భాష మనది. ఆదివారం పెళ్లి ప్రకటనల పేజీ తీస్తే మిగతాది మీకే తెలుస్తుంది.

5. ఆయన, అతడు, వాడు లెక్క పెట్టండి

ఇది త్వరగా అయిపోతుంది. వార్తలో ప్రతి మనిషికీ ఏ సర్వనామం దక్కిందో పట్టిక వేయండి. మంత్రి ఎప్పుడూ "ఆయన". మన ఇంజనీరు "ఆయన". ఆఫ్రికా విద్యార్థి నేరం చేయకపోయినా, దెబ్బలు తిన్నా, చాలాసార్లు "అతడు". మాటల తోకలు కూడా చూడండి. "తెల్లదొర" అన్నాం, "నల్లదొర" అని ఎవరి నోటా వినలేదు. నల్లజాతి మనిషికి "వాడు" మిగిలింది. 2020 జూన్‌లో అసోసియేటెడ్ ప్రెస్ ఇంగ్లీషులో "బ్లాక్" అనే మాటను జాతి పేరుగా పెద్దక్షరంతో రాయాలని నిర్ణయించింది. మనకు పెద్దక్షరాలు లేవు. మర్యాద చూపడానికి మనకున్న చోటు ఈ తోకలే.

అలాగే "నైజీరియన్". మత్తుమందుల కేసులో ఆఫ్రికా మనిషి పట్టుబడితే ఆ పేరు దానంతటదే పడిపోయేది. ఒకసారి నేను పెట్టిన "నైజీరియన్ అరెస్టు" హెడ్డింగ్ అచ్చయ్యాక, కాపీ చివర్లో పాస్‌పోర్టు ఐవరీ కోస్ట్‌దని ఉన్నట్టు చూసుకున్నాను. సవరణ వేద్దామంటే "చదివేవాళ్లకు తేడా ఏం తెలుస్తుందిలే" అన్నారు పైవాళ్లు. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. మనల్ని అందరినీ కలిపి "మద్రాసీ" అంటే ఎంత మండేదో పెద్దవాళ్లను అడగండి.

ఇది పేర్ల దగ్గర ఆగదు. 2016 జనవరి 31న బెంగళూరులో సూడాన్‌కు చెందిన ఒకరి కారు ఢీకొని ఒక మహిళ చనిపోయింది. కాసేపటికి అదే దారిన, వేరే కారులో వచ్చిన టాంజానియా విద్యార్థిని మీద గుంపు దాడి చేసింది. ప్రమాదంతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. ఇది జాతి దాడి కాదు, ప్రమాదంపై వచ్చిన ప్రతిస్పందన అని రాష్ట్ర హోంమంత్రి అన్నారు. సూడాన్ మనిషి కోసం వెతికి టాంజానియా మనిషిని కొట్టిన గుంపు, ఐవరీ కోస్ట్ మనిషిని నైజీరియన్ చేసిన నా హెడ్డింగ్, రెండూ ఒకే లెక్క వేశాయి.

6. తిట్టును అది పుట్టిన ఊరికి తీసుకెళ్లండి

"మా భాషలో అది తిట్టే కాదు" అన్న వాదన వచ్చినప్పుడు వాడే మెట్టు. 2007 అక్టోబరులో వడోదర, ముంబయి వన్డేల్లో ప్రేక్షకులు ఆఫ్రో-కరీబియన్ మూలాలున్న ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్‌ను చూసి కోతి చేష్టలు చేశారు. 2008 జనవరిలో సిడ్నీ టెస్టులో హర్భజన్ సింగ్ అతన్ని కోతి అన్నాడని ఆరోపణ వచ్చింది. మూడు టెస్టుల నిషేధం పడింది. అన్నది "మంకీ" అనే ఇంగ్లీషు మాట కాదు, హిందీ తిట్టు అని మనవాళ్లు వాదించారు. అప్పీలులో జాతి దూషణ రుజువు కాలేదని నిషేధం ఎత్తేసి, దూషించినందుకు మ్యాచ్ ఫీజులో సగం జరిమానా వేశారు.

ఆ రోజుల్లో వినిపించిన సమర్థన గుర్తుందా? హనుమంతుణ్ని కొలిచే దేశంలో కోతి తిట్టెలా అవుతుంది? మన ఇళ్లలో "కోతి పిల్ల" అని మురిపెంగానే అంటాం, నిజమే. కానీ అంత దూరం నుంచి వచ్చిన ఆటగాణ్ని చూసి వేల మంది చంకలు గీరుకుంటున్నప్పుడు ఆ చేష్ట కిష్కింధ నుంచి రాలేదు. ఆఫ్రికా మూలాలున్నవాళ్లను మనుషుల కన్నా కింది మెట్టు మీద నిలబెట్టిన వలస పాలకుల దగ్గర పుట్టి, యూరప్ ఫుట్‌బాల్ మైదానాల మీదుగా వచ్చింది. ఆ దారి గీసి చూపించండి. అన్నవాడి బుర్రలో ఏముందన్న తగువు చాలావరకు తగ్గుతుంది.

7. ఉత్తరం రాయండి

గీతలు గీసి ఊరుకుంటే సగం పనే. సంపాదకుడికి నాలుగు వాక్యాల ఉత్తరం పంపండి. ఏ తేదీ, ఏ ఎడిషన్, ఏ పేజీ. అచ్చయిన మాట యథాతథంగా. అందులో తప్పేమిటి, ఒక్క వాక్యంలో. బదులు ఏం పెట్టవచ్చు. ఉపన్యాసం వద్దు, "మీ పత్రిక జాత్యహంకార పత్రిక" అని అసలే వద్దు. అలా అంటే మళ్లీ అహంకారం డబ్బా తెరుచుకుని, మాకు లేదంటే లేదని జవాబొస్తుంది. దినపత్రిక పట్టించుకోకపోతే, అచ్చయిన రెండు నెలల లోపు ఆ ఉత్తరం నకలు జతచేసి ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు పంపవచ్చు.

నాలుగో వాక్యం దగ్గర మాత్రం శ్రద్ధ పెట్టండి. డెస్కులో ఎవరినడిగినా మొదటి సాకు "చోటు లేదు". కాబట్టి మీరు సూచించే హెడ్డింగ్ అచ్చయినదాని కన్నా పొడవు ఉండకూడదు. అక్షరాలు లెక్క పెట్టి పంపండి. "ఉద్రిక్తత" నాలుగు. "మూకదాడి" నాలుగు. ఒత్తులు కూడా లేవు.